నిమ్మళం లేదన్న పొద్దు

మా తమ్ముడు పోయాడు. మైలవరం కట్ట మీద రేకుల కొట్టులో టీ కాసేవాడు. మీలో కొందరు గండికోటకు పోతూ దారిలో అక్కడ ఆగే ఉంటారు. టీ గ్లాసు మీ చేతికిస్తూ, మీ మొహం కాకుండా మీ భుజం మీదుగా నీళ్లను చూసిన మనిషి ఒకడు మీకు గుర్తుండవచ్చు. వాడే.

ఆ పొద్దు అన్ని పొద్దుల్లాంటిదే. ప్రొద్దుటూరులో మా ఇంటి ముందు కసువు ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు వేశాను. పాలాయన వచ్చి పోయాడు. స్నానం చేసి దీపం పెట్టి, కాసేపు కళ్లు మూసుకుని కూర్చున్నాను. లేచేసరికి ఫోను ఒక్కసారి మోగి ఆగింది. తమ్ముడి మాట వచ్చిందన్నమాట.

రోజూ వాడు ఫోనులో తన గొంతు పట్టి పంపేవాడు. మైలవరం నీళ్లలో గుండ్రటి పుట్టి వేసుకుని చేపలు పట్టేవాళ్లు చుట్టుపక్కల ఊళ్ల నుంచి తెల్లవారకముందే కట్టకు వస్తారు. గాలి లేస్తే అంత దూరం వచ్చీ ఊరికే తిరిగి పోవాలి. అందుకని నీళ్లు ఎలా ఉన్నాయో, అల ఎంత లేస్తోందో, వాన గుర్తుందో లేదో వాడు ముందే వాళ్ల గ్రూపులో చెప్పేవాడు. నన్నూ, తన భార్యనూ, కూతురినీ కూడా ఆ గ్రూపులో పెట్టుకున్నాడు. "చేపలు పట్టే పని ల్యాకపోయినా నా గొంతన్నా ఇనండి" అన్నాడు.

ఆ పొద్దు మాట చిన్నది.

"ఈపొద్దు నిమ్మళం ల్యాదు."

గాలి లేచిందనుకున్నాను. వంటింట్లోకి పోయి అలసందలు పొయ్యి మీద పెట్టాను. చింతపండు నానబెట్టాను. పక్కింటావిడ కరివేపాకు అడిగితే రెబ్బ తుంచి ఇచ్చాను. సంగటి కెలుకుతుంటే ఫోను మళ్లీ మోగింది. ఈసారి ఆగలేదు. తమ్ముడి నంబరే, గొంతు మాత్రం వేరే. కట్ట కింద గొర్లు మేపుకునే ఆయన.

"అక్కా, మీ తమ్ముడు కొట్టు కాడ ఆనుకొని కూచోనుండాడు. పిలిస్తే పలకల్యా. ఆటోలో ఏసుకొని జమ్మలమడుగు ఆసుపత్రికి పోతాండాం. నువ్వు రా."

పోయాను. డాక్టరు చిన్నవాడు. నా మొహం చూడలేక గోడ వైపు చూస్తూ, "ఒక గంట ముందు తెచ్చింటే..." అన్నాడు.

బయట గొర్ల ఆయన తలగుడ్డ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఈపొద్దు గాలి శానా ఉండెనా అన్నా?" అని అడిగాను. ఎందుకు అడిగానో నాకు తెలియదు.

"గాలా? గాలి యాడిదక్కా. నీళ్లు అద్దం మాదిరుండె. ఇంత బాగుంటే పుట్టి ఒగటీ రాల్యావేందబ్బా అని నేనే అనుకుంటి."

నేను ఏడ్చింది అప్పుడే. డాక్టరు చెప్పినప్పుడు కాదు.

మా పక్క నిమ్మళం అనే మాట మనిషికీ, నీళ్లకూ రెండింటికీ చెల్లుతుంది. జ్వరం తగ్గితే నిమ్మళించింది అంటాం. మనిషి ఎదురుపడితే నిమ్మళంగా ఉండావా అని అడుగుతాం. గాలి పడిపోయి నీళ్లు కదలకుండా ఉంటే అదీ నిమ్మళమే. వాడు రోజూ ఆ మాటను నీళ్లకే వాడాడు. ఆ ఒక్క పొద్దు తనకు వాడుకున్నాడు. అందరం నీళ్లనే విన్నాం. వినీ, రోజూ వచ్చేవాళ్లు రాలేదు. వచ్చి ఉంటే ఎవరో ఒకరు టీ అడిగేవాళ్లు. ఎవరో ఒకరు చూసేవాళ్లు.

వాడి గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఇంతకంటే నేను చేయగలిగింది లేదు.

ఆ నీళ్ల కింద మా చేను ఉంది. మేము చిన్నగా ఉన్నప్పుడు ఆనకట్ట కట్టారు, చేను మునిగింది. మా నాయన ఆ దిక్కుకు మళ్లీ పోలేదు. తమ్ముడు మాత్రం పెద్దవాడై, సరిగ్గా మా చేను ఎదురుగా కట్ట మీద కొట్టు పెట్టుకున్నాడు. ఒక్కోరోజు గ్రూపులో అందరికీ చెప్పాక నాకు విడిగా ఇంకో మాట పంపేవాడు. "అక్కా, మన శెనిక్కాయ చేని మీద ఈపొద్దు అల మోకాటెత్తుంది. కలుపు తీసేదానికి పనికిరాదు, నువ్వు రాబాకు." నేను దీపం ముందు ఒక్కదాన్నే నవ్వుకునేదాన్ని.

వాడికి ఈత రాదు. పుట్టి ఎక్కడానికి భయం. నీళ్ల సంగతి చెప్పడం మొదలుపెట్టింది ఒక మనిషి పోయిన తర్వాత. ఆషాఢంలో గాలి తీరు మీకు తెలిసిందే, ఉన్నట్టుండి లేస్తుంది. ఒకతను టీ తాగి "పోతా మామా" అని కట్ట దిగాడు. పోయొస్తా అను అని వీడు అనేలోగా పుట్టి ఎక్కేశాడు. అడ్డగాలికి పుట్టి తిరగబడింది. అది మొదలు వాడి దగ్గర పోతా అన్నవాడికి టీ లేదు. "పోయొస్తా అను. అంటేనే గ్లాసు ఇస్తా." ఎంతటివాడైనా అనాల్సిందే.

వాడి మాట అన్నిసార్లూ నిజమయ్యేది కాదు. అది కూడా చెప్పాలి. గాలి అంటే గాలి రాని రోజులు చాలా ఉన్నాయి. పుట్టి తోలేవాళ్లలో పెద్దాయన ఒకడు వాడిని వదిలేవాడు కాదు. నేను కట్ట మీద ఉన్నప్పుడే ఒకసారి వచ్చాడు.

"ఏం మామా, గాలంటివి. గాలి యాడ? ఇంట్లో మా యత్త ఇసనకర్ర ఊపినా నీకు గాలేనా?"

"వచ్చాదిలే, కూచో."

"మమ్మల్ని ఈడ ఆపి టీలు అమ్ముకోవల్లని చూస్తాండావు."

"రాబాకండి అని ఫోన్లో చెప్పినాక టీ ఎవురికి అమ్మేది? ఆ గొర్లకా?"

కూతురు వాడి ఫోనులో వాన చెప్పేది ఏదో పెట్టించింది. దాన్నీ కాదనేవాడు కాదు. "ఫోన్లో వాన పడతాందంట. నా నెత్తిన పడల్యా. రెండూ చెప్పినా, మీ ఇష్టం" అని పంపేవాడు.

ఊరికి కొత్తవాళ్లు వచ్చి, పుట్టి ఎక్కి ఫొటో దిగుతామని పట్టుబడితే కొట్టు వదిలి వాళ్ల వెంట రేవు దాకా పోయేవాడు. "నీళ్లకు మొగమాటం ల్యాదమ్మా. మీరు ఎంత దూరం నుంచి వచ్చినారో అది అడగదు" అనేవాడు. కొందరు విసుక్కునేవాళ్లు. వీడు పక్కనే నిలబడేవాడు. వాళ్లు వెనక్కి తిరిగాకే కొట్టుకు వచ్చేవాడు. అప్పటికి పాలు పొంగి పోయి ఉండేవి.

గాలి రాని రోజు వాడిని తిట్టిన వాళ్లున్నారు. గాలి వచ్చిన రోజు వాళ్లే ఇళ్లలో నిమ్మళంగా పడుకుని ఉన్నారు, అది గాలి రోజని కూడా తెలియకుండా. వాడు చేసిన మేలు అలాంటిది. చూపించడానికి ఏమీ ఉండదు.

వాడికి ఒక అలవాటు ఉంది. తన సంగతి అడిగితే నీళ్ల సంగతి చెప్పేవాడు. "ఎట్లుండావురా?" అంటే, "గాలి పడిందిలే అక్కా." "అన్నం తింటివా?" అంటే, "మబ్బులు పులివెందుల దిక్కు పోతాండాయి." తన గురించి చెప్పుకోవడం వాడికి రాదు. ఆ పొద్దు చెప్పుకోవాల్సి వచ్చింది. నోట్లో ఉన్నది ఆ ఒక్క మాటే.

ఇప్పుడు మా మరదలి సంగతి. తమ్ముడి భార్య. ఇది రాయడం నాకు కష్టంగా ఉంది, కానీ ఇది రాయకపోతే మిగతాదంతా వట్టిదే.

ఆ పొద్దు ఆమె పులివెందులలో కూతురి ఇంట్లో ఉంది. కూతురు బాలింత. బిడ్డకు నీళ్లు పోసి, ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చున్నప్పుడు ఆ మాట వచ్చింది. విని, తను కూడా వాడికి విడిగా ఒక మాట పంపింది. "గిరాకీ ఉండదు గదా. తలుపేసుకొని పండుకో." వాడు విన్నట్టు ఫోనులో రెండు నీలం గీతలు పడ్డాయి.

గొర్ల ఆయన చూసేసరికి కొట్టు తలుపు సగం వేసి ఉందట. ఆ సంగతి ఆయన మంచి మనసుతోనే చెప్పాడు, అందరి ముందూ. మరదలు అప్పటి నుంచి అన్నం ముట్టలేదు. నోట్లో పెడితే ఒక ముద్ద దిగుతుంది, రెండోది దిగదు. "నేను చెప్పినట్టు ఇన్న్యాడు వదినా" అంటుంది. "ఎప్పుడూ ఇననోడు, ఆపొద్దు ఇన్న్యాడు." నేను ఆమె చేయి పట్టుకుని దేవుణ్ణి తలుచుకుంటాను. ఏది చెప్పినా అది తలుపు సగం వేసిన దగ్గరికే పోయి ఆగుతుంది.

మైలవరంలో తమ్ముడి ఇంట్లో దినాలు జరిగిన నాడు, అందరూ భోజనాల హడావిడిలో ఉండగా ఆమె కనపడలేదు. కొట్టంలో లేదు, పెరట్లో లేదు. పుట్టి తోలే పెద్దాయన ఆమెను వెంటబెట్టుకుని వచ్చాడు. చీర నడుము దాకా తడిసి ఉంది.

"కట్ట దిగి నీళ్లల్లో నిలబడుంది అక్కా," అన్నాడు నాతో. "ఏందమ్మా ఈడ అంటే, మా చేను చూసుకుంటాండా అంటాంది."

ఆయన పోయి అరుగు మీద కూర్చున్నాడు. ఎప్పుడూ ఎగతాళి చేసే మనిషి.

"మేము పుట్లు దించల్యా ఆపొద్దు నుంచి" అన్నాడు. "పొద్దున లేస్తే ఫోను చేతిలో పెట్టుకొని కూచుంటాండాం. ఆయప్ప అట్ల చెప్తే ఒంట్లో బాగలేదేమో అనుకోకుండా, గాలేమో అనుకుంటిమి. మా పిల్లోల్లకు యాం చెప్పల్ల?"

మరదలు తడి చీరతోనే నిలబడి చెప్పింది. గట్టిగా కాదు. "మీ అందరి బాగు ఆయన చెప్పె. ఆయన బాగు ఆయన చెప్పుకుంటే మనం గాలికి ఇడిస్తిమి."

ఆమె మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆ పూట నేను దేవుణ్ణి ఒకటే అడిగాను. ఒకరిని తీసుకున్నావు, ఇంకొకరిని నాకు వదిలిపెట్టు అని. అడిగే పద్ధతి అది కాదని తెలుసు. అయినా అలాగే అడిగాను.

సాయంత్రం చుట్టాలు పోయాక ఇంట్లో మేము మాత్రం మిగిలాం. మరదలు, బిడ్డతో కూతురు, అల్లుడు, నేను. పెద్దాయన పోలేదు, అరుగు మీదే ఉన్నాడు.

"అమ్మను పులివెందులకు తోలుకపోతాం అత్తా" అంది కూతురు.

"రాను" అంది మరదలు. "ఆ మంచం మీద కూచొనే గదా ఆ మాట పంపింది. మళ్లా దాని మీద యాట్ల పండుకుంటా?"

"పోనీ నాతో ప్రొద్దుటూరు రా" అన్నాను.

"నువ్వు పొద్దున్నే దేవుని ముందర కూచుంటావు వదినా. నేను ఎవరి ముందర కూచోవల్ల?"

అల్లుడు కొట్టు తీసేద్దామన్నాడు. కూతురు వద్దంది. చాలాసేపు ఒకరి మాటకు ఒకరం అడ్డం చెప్పుకున్నాం. చివరికి కుదిరింది ఇది. మరదలు ఈ ఇంట్లోనే ఉంటుంది. నేను ప్రొద్దుటూరు పోను. ఆమె తిని, మామూలు మనిషి అయ్యే దాకా ఇక్కడే ఉంటాను. కొట్టు సంగతి తర్వాత. నీళ్ల సంగతి పెద్దాయన చెబుతాడు. ఆయనే అన్నాడు, "నీళ్లు ఆగినాయి, నీళ్లు లేచినాయి, అంతే చెప్తా. ఆ నిమ్మళం అనే మాట మాత్రం నీళ్లకు నేను వాడను. అది మనిసికే ఉండనీ." అందరం సరేనన్నాం.

ఆయన లేచి పోయాక కూతురు బిడ్డను అల్లుడికి ఇచ్చింది. తల్లి ఎదురుగా కూర్చుని, "అమ్మా, నువ్వు పండుకొనేటప్పుడు నీ కొంగు అత్త కొంగుకు ముడేసుకో. నువ్వు కదిలితే అత్తకు తెలుస్తాది. నా మీద ఒట్టు" అంది. అడగడానికి సిగ్గుపడాల్సిన మాట. ఆ పిల్ల సిగ్గుపడలేదు.

మరదలు కూతురి మొహం చూసింది. తర్వాత నా పక్కకు జరిగి, తన కొంగు తీసి, నా కొంగు అందుకుని, తనే ముడి వేసింది.

వదులుగా వేసింది. నేను విప్పి, మళ్లీ వేశాను.