చెరువు పూడ్చి మాస్టారి పేరు పెడతారట

మాకు హైస్కూల్లో సోషల్ చెప్పిన మాస్టారు పోయారు. కబురు అందేసరికి మా వీధిలో ట్యాంకరు దగ్గర బిందెలతో తోపులాట జరుగుతోంది. ఆయనే ఉంటే అక్కడ నిలబడి మమ్మల్నందర్నీ తిట్టేవారు. తిట్టించుకోవాల్సిన వాళ్ళమే.

చిలకలూరిపేటకీ ఒంగోలుకీ మధ్య, హైవే పక్కన మా ఊరు. మిర్చి మీదో పత్తి మీదో నాలుగు డబ్బులొస్తే చుట్టుపక్కల పల్లెల వాళ్ళంతా ఇక్కడే మేడ కడతారు. ఏ గృహప్రవేశానికి పిలిచినా మాస్టారు వెళ్ళేవారు. జనమంతా పాలు పొంగే పొయ్యి చుట్టూ మూగితే, ఆయన తిన్నగా పెరట్లోకి పోయి కుళాయి తిప్పేవారు.

"ఇల్లు బ్రహ్మాండంగా ఉందిరా. మరి నీళ్ళెక్కణ్ణుంచి తెస్తావు?"

శుభమా అని పిలిస్తే ఇదేం మాటని అందరూ మొహం మాడ్చుకునేవాళ్ళు. రానురాను పిలవడమే మానేశారు. నా శిష్యుడి ఇంటికి నాకు పిలుపేమిటని ఆయన వెళ్తూనే ఉండేవారు. కృష్ణ ఎక్కడ పుట్టి మా కుళాయిలోకి ఎలా వస్తుందో, గోడ మీది పటంలో వేలు పెట్టి నాకు చూపించింది ఆయనే.

ఆయన పోరాటమంతా ఊరి మంచినీళ్ళ చెరువు కోసం. వానలు బాగా పడి సాగర్ కాలువ నిండుగా పారిన ఏడు, ఇక చెరువుతో పనేముందని సగం పూడ్చి ప్లాట్లు వేశారు. "కరువు ఏటికి మంచి ఏడులోనే దాచుకోవాలిరా. కాలువ రాని ఏడు ఏం తాగుతారు, ప్లాట్లా?" అంటూ ఆయన ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. పిచ్చి మాస్టారన్నారు. ఈ ఏడు కాలువ రాలేదు. ఇప్పుడు చెప్పండి, పిచ్చి ఎవరికి?

సంతాప సభ పెట్టారు. చెరువు పూడ్పించిన పెద్దమనిషే మైకు పట్టుకుని గొంతు బొంగురు చేసుకున్నాడు. మిగతా సగం చెరువులో వేయబోయే కాలనీకి మాస్టారి పేరే పెడతానన్నాడు. దానికి చప్పట్లు కొట్టారండీ, సిగ్గు లేకుండా. నాకు ఒళ్ళు మండిపోయింది.

మాస్టారి భార్య లేచి నిలబడ్డారు. మైకు అందుకోలేదు.

"ఆయన పేరు పెట్టొద్దు బాబూ. ఆ సగం చెరువన్నా వదిలెయ్యండి."

పెద్దమనిషి ఫోను చూసుకుంటూ కారెక్కాడు.

జనం వెళ్ళిపోయాక, మాస్టారి ఫోటో ముందు బల్ల నిండా వాళ్ళు సగం తాగి వదిలేసిన నీళ్ళ సీసాలు. ఆవిడ ఒక్కొక్క సీసా మూత తీసి, ఇంటి నుంచి తెచ్చుకున్న బకెట్లో ఒంపుకున్నారు. సీసాలన్నీ అయిపోయాయి. బకెట్ సగం కూడా నిండలేదు.