ఒకటీ పావు ముఠా

రేవు పక్కన మా లారీ యార్డులో చీటీలు తీసే కంప్యూటరు ప్రోగ్రాం నాదే. తొమ్మిదో తరగతిలోనే లెక్కల మాస్టారికి విముక్తి ప్రసాదించి బయటపడ్డవాణ్ని. ఇదంతా ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. లారీ వరస నంబరు కొడితే, ఏ ముఠా కళాసీలు బస్తాలు దించాలో చీటీ మీద పడుతుంది. నాలుగేసి లారీలకు ఒక ముఠా. లారీ నంబరులోంచి ఒకటి తీసి, నాలుగుతో భాగించి, ఒకటి కలిపితే ముఠా నంబరు. తమ నంబరు లేని లారీ మీద కళాసీలు చెయ్యి వెయ్యరు, ఖాళీగా కూర్చున్నా సరే.

పాత కంప్యూటరు పోయి కొత్తది వచ్చింది. అందులో ప్రోగ్రాం రాసే భాష అదే, కానీ కొత్త రకం. ‘సమానం కాదు’ అనడానికి ఇప్పుడు ఆశ్చర్యార్థకం పెట్టి, పక్కన సమానం గుర్తు పెట్టాలట. సమానం కానందుకు ఆశ్చర్యపోవాలన్నమాట. అవన్నీ మార్చేసరికి రెండు రోజులూ, వాటితో నా నడుమూ పోయాయి.

అవి నయం, మార్చకపోతే తప్పుందని అరుస్తాయి. భాగహారం గీత నోరు మూసుకుని మారిపోయింది. ఇంతకుముందు మిగులు ముక్కను తనే పారేసేది. ఇప్పుడు పావులూ అరలూ లెక్కగట్టి మరీ ఇస్తుంది. వద్దంటే రెండు గీతలు గీయాలి. నాకది తెలియదు. మొదటి లారీ చీటీ మీద ఒకటి అని సరిగ్గానే పడింది. చాల్లే అనుకుని టీకి వెళ్లాను.

రెండో లారీ డ్రైవరు చీటీ ఊపుకుంటూ వచ్చాడు.

“ఏటి బావా ఇది? ఒకటీ పావు ముఠా అంట! పదకొండుకి ఓడెల్లిపోద్ది. తప్పితే మల్లీ ఓడొచ్చేదాకా నాను ఈ యార్డులోనే పడుండాల.”

కళాసీల మేస్త్రీని బతిమాలాను.

“మాది ఒకటి, ఆల్లది రెండు. మద్దినున్న బండి నాను ముట్టుకుంటే ఆల్లూరుకుంటారేటి? ఆ పావు మనిసెవడో తీసుకురా, సూద్దారి.”

పరుగెత్తి వచ్చి, ఫోన్‌లో వెతికి, ఇంకో గీత గీశాను. చీటీ మళ్లీ తీస్తే ఒకటి అని వచ్చింది. ఆఖరి బస్తా ఓడెక్కేసరికి పదకొండుకు పది నిమిషాలు తక్కువ.

డ్రైవరు చెమట తుడుచుకుంటూ నా కిటికీ దగ్గర ఆగాడు.

“బావా, నీ పరీచ్చలు నా బండి మీద సెయ్యకు.”

“మరెవరి బండి మీద చెయ్యను?”

“బండెందుకు? పాత సీటీలు లేవేటి?”

చదువు మానేసిన నాకు చదువుకున్న సలహా. ప్రోగ్రాంలో అలాంటి గీతలు ఇంకా నలభై ఉన్నాయి. అన్నీ ఒకేసారి మార్చడానికి లేదు, బరువు లెక్కలో పావులు ఉండాల్సిందే. పాత చీటీల కట్ట విప్పి, ఒక్కొక్కదాని నంబరూ కొట్టి, పాత జవాబే వస్తోందో లేదో సరిచూడ్డం మొదలుపెట్టాను. నాలుగో చీటీకే మెడ పట్టేసింది.