సంపత్ లైనక్స్, జమున బతుకమ్మ

సుల్తానాబాద్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే సంపత్, పొద్దున్నే పళ్లు తోముకుంటూ లాప్‌టాప్ అప్‌డేట్ చేస్తాడు. కంపెనీ "పాతబడింది, కొత్తది కొనుక్కో" అన్న లాప్‌టాప్ అది. బాగా నడిచే యంత్రాన్ని చెత్తలో వేయమనడానికి వాళ్లెవరన్న కోపంతో సంపత్ అందులో ఉచితంగా దొరికే లైనక్స్ వ్యవస్థను వేశాడు. ఆ కోపం నాకూ ఉంది. కానీ అతను ఏరికోరి రోలింగ్ రిలీజ్ రకం తెచ్చుకున్నాడు. దానికి ఏడాదికో కొత్త వెర్షన్ అంటూ ఉండదు, మార్పులు రోజూ వస్తూనే ఉంటాయి. కొత్తవన్నీ అందరికన్నా ముందు సంపత్‌కే అందుతాయి. కొత్త తప్పులు కూడా.

ఒకరోజు వైఫై పోతుంది. ఇంకోరోజు తెర తలకిందులవుతుంది.

"నడిచేదాన్ని ఎందుకు గెలుకుతవ్?" అంటుంది భార్య జమున.

"గెలుకుతనే గదా, గింత పని నేర్చుకున్న."

ఈసారి సద్దుల బతుకమ్మకు, అంటే పండుగ ఆఖరి రోజున, వాడలో పాటలు పెట్టే పని జమున కొట్లాడి తెచ్చుకుంది. నిరుడు డీజే శ్యాంసుందర్ పెద్ద బాక్సులతో చెవులు పగలగొట్టి, ఆడవాళ్ల పండుగలో మగపిల్లల చేత చిందులు వేయించాడు. "మా పండుగకు మా పాటలు మేమే పెట్టుకుంటం" అని మహిళా సంఘంలో లేచి చెప్పింది జమున. పాటలు సంపత్ లాప్‌టాప్ నుంచే రావాలి. పాట ఆగిందంటే ఆ మాట పోయినట్టే.

"ఇయ్యాల దాన్ని ముట్టకు," అని పండుగనాడు పొద్దున్నే హెచ్చరించింది.

మధ్యాహ్నం దాకా ముట్టలేదు. తర్వాత చేయి ఆగలేదు. అప్‌డేట్లు గుట్టెడు, ఫోన్‌లో డేటా చారెడు. సౌండుది ఒక్కటి దించుకుంటే పాట ఇంకా మంచిగా వస్తుందనుకున్నాడు. రోలింగ్ రిలీజ్‌లో మారిస్తే అన్నీ కలిపి మార్చాలి, ఒక్కదాన్నే మార్చడమంత తెలివితక్కువ పని లేదు.

సాయంత్రం పూలు పేర్చిన బతుకమ్మలను వాడ మధ్య దించారు. జమున పాట నొక్కింది. తెర మీద గీత కదిలింది, చప్పుడు మాత్రం రాలేదు.

"ఏం జేసినవ్?"

"సౌండొక్కటే మార్చిన. మిగిలిందంత పాతదే."

"కింది వరుసల పువ్వు పీకి కొత్తది కుక్కితే బతుకమ్మ నిలుస్తదా? నా మాట ఎక్కకుంటె మానె, పువ్వులన్న జూసి నేర్చుకోరాదు?"

తన ఇంటి గేటు దగ్గర నిలబడ్డ శ్యాంసుందర్ ముసిముసిగా నవ్వాడు. "జమునక్కా, నా బండి తియ్యమంటవా?"

"తియ్యి. తీసి పెద్దపల్లి దాక తోలుకపో."

పెద్దామె కిష్టవ్వ, యంత్రంతో పనేముందని తానే పాట ఎత్తుకుంది. ఆమెకు ఒక్క పాటే వచ్చు, అదీ సగమే. ఆ సగమే మళ్లీ మళ్లీ తిరుగుతుంటే చప్పట్లు నీరసించాయి.

"ఓ సంపతూ, జర జల్ది బిడ్డా. నా గొంతు ఎండుతున్నది."

లైనక్స్ పాత ముక్కలను పారేయదు, ఒక మూలన దాచిపెడుతుంది. సంపత్ వెతికి పాత సౌండు ఎక్కించాడు. పాట మోగింది, కానీ ఒక్క బాక్సులోనే. అది శ్యాంసుందర్ గేటు పక్కనున్నది. ఆడవాళ్లు బతుకమ్మలెత్తుకుని అటే జరిగి, గేటుకు అడ్డంగా ఆట మొదలుపెట్టారు. పక్క వాడకు పోవాల్సిన శ్యాంసుందర్ డీజే బండి లోపలే ఇరుక్కుంది. అతను హారన్ కొట్టాడు.

"అన్నా, హారన్ తాళం తప్పుతున్నది," అంది జమున, చప్పట్లు ఆపకుండానే.

ఆట ముగిశాక వచ్చే ఏడు పాటలు కూడా జమునవే అని సంఘం తేల్చింది. జమున ఒప్పుకుంది.

"కాని బతుకమ్మ తొమ్మిది రోజులు లాప్‌టాప్ బీరువాల ఉంటది. తాళంచెవి నా కొంగుకు."

సంపత్ లాప్‌టాప్‌ను దగ్గరికి లాక్కున్నాడు. "తొమ్మిది రోజులు ఆపితే అప్‌డేట్లన్ని ఒక్కపారే మీద వడ్తయే."

"పడనియ్యి. దసరా నాడు నీకు వేరే పనేమున్నది?"