కెమెరాలో ఉండిపోయిన బాబాయిగారు

ఫొటో బాబాయిగారు పోయారని నేను చెబితే కొత్తపేట మెయిన్‌రోడ్డులో ఒక్కడూ నమ్మలేదు. తప్పు వాళ్లది కాదు. బతికున్నవాళ్లని పోయారని చెప్పి, ఏడుపులు మొదలయ్యాక నవ్వుకున్న నోరు నాది. టీకొట్టాయన గ్లాసులు కడుగుతూనే, "ఈసారి ఆయన్నెందుకు చంపేరండీ" అన్నాడు. నేను నవ్వకపోయేసరికి గ్లాసు వదిలేసి స్టూడియో వైపు పరిగెత్తాడు. బాబాయిగారు కంప్యూటర్ ముందు, తన కుర్చీలోనే ఉన్నారు. కళ్లజోడు కూడా జారలేదు.

ఆయనది ఫొటో స్టూడియో. పక్క కొట్టు నాది, సెల్‌ఫోన్ రిపేర్లు. పదో తరగతి తప్పినవాణ్ణి. నా చేతిలో ఉన్న ఈ కాస్త విద్య ఆయన పక్కన నిలబడి చూసిందే.

చుట్టుపక్కల ఊళ్లలో ఎవరు పోయినా పెద్దకార్యం నాడు దండ వేసే ఫొటో బాబాయిగారే కట్టేవారు. పెళ్లి గుంపులో వెనక వరసలో నక్కిన ముఖాన్ని కంప్యూటర్లో బయటికి తీసి, కాలర్ సర్ది, చెమట తుడిచి పటం చేసిచ్చేవారు. "పోయినాయనకి లేని నవ్వు పెట్టకూడదురా. ఉన్న నవ్వు చెరపకూడదు" అనేవారు. తనని మాత్రం ఎవర్నీ తియ్యనిచ్చేవారు కాదు. ఎవరైనా ఫోను ఎత్తితే చెయ్యి అడ్డం పెట్టేసేవారు. చివరికి ఆయనకి మిగిలింది ఆధార్ కార్డు ఫొటో. అందులో అందరిలాగే ఆయనా, కోడిని ఎత్తుకెళ్తూ దొరికిపోయినట్టుంటారు.

మూడో రోజున పిన్నిగారు, అంటే బాబాయిగారి భార్య, నన్ను ఇంటికి పిలిపించారు. ఒళ్లో పాత చిన్న డిజిటల్ కెమెరా ఉంది.

"ఆ ఆధార్ ఫొటోకి నేను దండెయ్యనబ్బాయ్. మా పెళ్లిరోజున దీంతో ఆయన్ని నేనో ఫొటో తీసేను. అప్పుడిందులో కార్డు లేదంట, లోపలే ఉండిపోయిందన్నారు. కంప్యూటర్లోకి రాలేదు. పెద్దకార్యం నాటికి నువ్వు తెప్పించు."

"ఆయ్, అలాగేనండి" అన్నాను. అది ఎందుకు రాలేదో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి.

ఎనిమిదేళ్ల కిందటి మాట. వాళ్ల పెళ్లిరోజు మర్నాడు బాబాయిగారు టీకి వెళ్లినప్పుడు, ఆ కెమెరా యూఎస్‌బీ తీగ నేను కొట్టేసి, అచ్చం అలాంటి మూతి ఉన్న చార్జింగ్ తీగ పెట్టాను. దాంట్లో కరెంటు వెళ్తుంది, ఫొటోలు వెళ్లవు. సాయంత్రం దాకా ఆడించి నవ్వుకుందామని.

ఆయన తీగ పీకి, దుమ్ము ఊది, మళ్లీ పెట్టారు. కంప్యూటర్ ముందు రంధ్రం వదిలి వెనకదాంట్లో పెట్టారు. కెమెరా బ్యాటరీ మార్చారు. కంప్యూటర్లో కెమెరా డ్రైవర్ ప్రోగ్రామ్ తీసేసి కొత్తగా ఎక్కించారు. కంప్యూటర్ ఆపి, నీళ్లు తాగి, మళ్లీ వేశారు. నేను గుమ్మంలో నిలబడి నిమ్మకాయ కట్టమని సలహా ఇచ్చాను. ఇలాంటి తీగ ఇంకోటుందా అని నన్నే అడిగారు. లేదన్నాను.

"ముందు తీగని అనుమానించాలిరా, తర్వాత మిషన్ని. మనిషిని అనుమానించేవంటే ఇంకేదీ బాగుచెయ్యలేవు" అన్నారు, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

నేను చెప్పేలోగా ఆయన అమలాపురం బస్సెక్కేశారు. అక్కడెవరో మెకానిక్, కెమెరాలో తీగ పెట్టే చోటే పాడైందని తేల్చాడట. తిరిగొచ్చిన ఆయన ముఖం చూశాక నాకు నవ్వూ రాలేదు, నోరూ రాలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఏళ్లు గడిచాయి. అసలు తీగ నా సొరుగులో చుట్ట చుట్టుకుని పడుకుంది. సొరుగు తెరిచినప్పుడల్లా దాని మీద ఏదో ఒకటి కప్పేవాణ్ణి.

పిన్నిగారి దగ్గర తాళాలు తీసుకుని స్టూడియో తెరిచాను. మిట్టమధ్యాహ్నం. ఆయన కుర్చీలో కూర్చోలేక, నిలబడే నా సొరుగులోని అసలు తీగ పెట్టాను. కంప్యూటర్ టిడింగ్‌మంది. అప్పట్లో ఆయన చెవి ఒగ్గి ఎదురుచూసిన చప్పుడు అది. నా భుజం పక్కనుంచి "వచ్చిందా" అన్నట్టయింది. తిరిగి చూస్తే ఫొటోలకి వెనక కట్టే నీలం తెర, దాని ముందు ఖాళీ స్టూలు.

ఫొటోలు ఎనిమిది ఉన్నాయి. పిన్నిగారు తీసినదాంట్లో సీలింగ్ ఫ్యానూ, బాబాయిగారి భుజమూ పడ్డాయి. తల లేదు. తర్వాతవి కెమెరా పనిచేస్తోందో లేదో అని తీసుకున్నవి, గోడా, క్యాలెండరూ. చివరిది నా కొట్టు.

రోడ్డు మీంచి, నా గాజు తలుపులోంచి తీశారు. లోపల నేను ఆ తీగని వేళ్లకి చుట్టుకుని టీకొట్టాయనకి చూపిస్తూ పళ్లికిలిస్తున్నాను. తలుపు గాజు మీద, అద్దంలోలా, బాబాయిగారు పడ్డారు. కెమెరా గుండెల దగ్గర పట్టుకున్నారు, ముఖం నిండుగా కనిపిస్తోంది. కోపం లేదు. పెళ్లికూతురు తనంతట తాను తలెత్తేదాకా కెమెరా పట్టుకుని ఆగినప్పుడు ఎలా ఉండేవారో అలా ఉన్నారు.

పిన్నిగారికి ఫొటో చూపించి జరిగిందంతా చెప్పేశాను. ఆవిడ ఆ ముఖాన్ని చాలాసేపు వేలితో తడుముతూ కూర్చున్నారు.

"తెలుసు. ఆ రోజే ఇంటికొచ్చి చెప్పేరు. వాడే పట్టుకొస్తాడు, నువ్వేం అడక్కు అన్నారు. అందుకే అడగలేదు. ఇదే కట్టు."

రెండు రోజులు ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నా పళ్లు చెరిపాను, కొట్టు చెరిపాను, టీకొట్టాయన్ని చెరిపాను. తీగ చుట్టుకున్న నా చెయ్యి మాత్రం పోలేదు. గాజులో ఆయన ఛాతీ సరిగ్గా దాని మీదే పడింది. దాన్ని చెరిపితే ఆయనా చెరిగిపోతున్నారు.

పెద్దకార్యం నాడు అలాగే గోడకి పెట్టాం. భోజనాలకి వచ్చినవాళ్లు ఒక్కొక్కరూ పటం ముందు నిలబడి, దగ్గరికి వంగి చూసి వెళ్లారు. బంతిపూల దండ నేనే సర్దాను, మూడుసార్లు. ఎంత సర్దినా పూల సందులోంచి, బాబాయిగారి గుండెల మీద, నల్ల తీగ చుట్టుకున్న నాలుగు వేళ్లు కనిపిస్తూనే ఉన్నాయి.