బావ లారీకి బంపర్

ముందే ఒప్పుకుంటున్నాను, నేను కొంచెం ఎక్కువ చేసి చెప్తాను. ఆ కొంచెం అన్నది కూడా తక్కువ చేసి చెప్పిన మాటే. మా ఇంటావిడ నేనేం చెప్పినా నాలుగుతో భాగించి వింటుంది. భోజనానికి నలుగురొస్తున్నారంటే ఒక్కడికే బియ్యం పోస్తుంది. తీరా చూస్తే వచ్చేది ఒక్కడే. మీరూ అట్లాగే భాగించుకుంటూ చదవండి.

గద్వాలలో మా బావకు, అంటే మా అక్క భర్తకు, ఒక లారీ ఉంది. ముందు ముక్కు పొడుచుకొచ్చిన పాతకాలం లారీ. వయసులో నాకంటే పెద్దది కాబట్టి దానితో మర్యాదగానే మసలుకుంటాను. అది స్టార్టయితే ఎక్కడో సోమశిల రేవులో పడవలు ఊగుతాయి. హారన్ కొడితే మా వీధిలో మగ్గాలన్నీ ఉలిక్కిపడి ఆగి, మళ్లీ నడుస్తాయి. ముప్పై ఏళ్లుగా బావ అందులో పత్తి విత్తనాల బస్తాలు మోస్తున్నాడు.

బావకొక పట్టింపు ఉంది. పాత సామాను ఏది కొన్నా, అది బోల్టయినా సరే, ముందు ఒకటే అడుగుతాడు. "ఇది మనిషిని తీస్కున్న బండిదా?" ఎవరి ప్రాణమైనా తీసిన బండి ఇనుము ఆయన లారీకి ఎక్కదు. పాత డ్రైవర్లందరిదీ ఇదే పట్టింపు గానీ, బావది మరీ మొండి. ఒకసారి మెకానిక్ అడగకుండా పక్క అద్దం తెచ్చి బిగించాడని తెలిసి, రాయచూరు దారిలో నడిరోడ్డు మీద బండి ఆపి, ఆ అద్దం ఊడదీసి చెట్టుకింద పెట్టి వచ్చాడు.

మొన్న ఎండాకాలంలో ఆయనకు గుండెనొప్పి వచ్చింది. హైదరాబాదు దవాఖానకు పోతూ, ఒక చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని, రెండో చేత్తో లారీ తాళంచెవి నాకిచ్చాడు.

"రోజు పొద్దుగాల ఒక్కపారి స్టార్ట్ చేసి బంద్ చెయ్ బామ్మర్ది. కదిలియ్యకు."

"నేనెందుకు కదిలిస్త బావా?"

కదిలించాను. మా వీధి చివర చాయ్ హోటల్లో ఎవరో "నీతోని ఏమైతదన్నా, హారన్ కొట్టుకుంట కూసో" అన్నారు. అంతే. వీధి మలుపు తిరగగానే కోట గుమ్మమంత బర్రె ఎదురొచ్చి నిలబడింది. స్టీరింగు తిప్పాను. కల్వర్టు గోడ నన్ను చూసి పక్కకు తప్పుకోలేదు. ఆ చప్పుడుకు రాయచూరులో కాకులు లేచాయట. దిగి చూస్తే బంపర్ ఎడమ కొస కిళ్లీలా చుట్టుకుపోయి ఉంది. నడుమ పెద్ద పగులు.

అది మంగళవారం. గంట తిరక్కుండానే అక్క ఫోన్.

"తమ్మీ, మీ బావను శుక్రవారం ఇంటికి పంపిస్తమన్నరు. జర పైలంగ సూస్కోమన్నడు డాక్టరు. ఏ ముచ్చటకూ పరేషాన్ గావద్దంట. ఈయనేమో కండ్లు తెరువంగనే బండెట్లున్నదని అడుగుతుండు. మంచిగున్నదని చెప్పిన. మంచిగనే ఉన్నది గద?"

"నీకేం ఫికర్ వద్దక్కా" అన్నాను.

గద్వాలలో వెల్డింగ్ చేసేవాడు ఆ బంపర్‌ను సుత్తితో రెండు దెబ్బలు కొట్టి, చెవి పెట్టి విన్నాడు. "దీన్ని ఈడ సాపు జేస్తే ఇంకోకాడ ఇరుగుతదన్నా. గిసొంటిదే ఇంకోటి తెచ్చుకో" అన్నాడు. తెచ్చుకోవాలంటే కొలత కావాలి. అంత పొడుగు టేపు నా దగ్గర లేదు. పక్కింట్లో మగ్గం నేసే పెద్దమ్మ రెండు బారల నూలుపోగు తెంపి ఇచ్చింది. "గట్టిగ లాగకు, సాగుతది" అంది. బంపర్ పొడవునా ఆ పోగు పరిచి, బోల్టు రంధ్రాలున్న నాలుగు చోట్లా నాలుగు ముళ్లు వేసుకుని, చొక్కా జేబులో పెట్టుకున్నాను.

బుధవారం కృష్ణ దాటి వనపర్తికి పోయాను. యాభై దుకాణాలు తిరిగాను. చివరి దుకాణంలో మెకానిక్ నా పోగును వేలికి చుట్టుకుని చూశాడు.

"ఏంది సారూ, లారీకి చీర నేయిస్తున్నవా?"

"బంపర్ కొలత తమ్మీ. ముక్కు బండిది."

"గా బండ్లు యాడున్నయింక? కొత్త మోడల్‌ది ఎక్కిస్త, ఏమంటవ్?"

అది చూశాను. తాతకు జీన్స్ ప్యాంటు తొడిగినట్టుంటుంది. బావ ఛాతీ మీద పెట్టుకున్న చెయ్యి గుర్తొచ్చి, నవ్వు రాలేదు. నా ముఖం చూసి అతనికేమనిపించిందో, నాగర్‌కర్నూలులో పాత ఇనుము అమ్మే ఒక అవ్వ దగ్గర ముక్కు బండొకటి విప్పారని చెప్పాడు.

గురువారం పొద్దున్నే నాగర్‌కర్నూలులో దిగాను. గుట్టంత ఇనుము. దాని ముందు, విరిగిన ట్రాక్టరు సీటు మీద అవ్వ. రేకుల కింద, మట్టిలో సగం కూరుకుపోయి కనిపించింది బంపర్. పోగు పరిచాను. మొదటి ముడి సరిపోయింది. రెండోది సరిపోయింది. మూడోది వేలెడు పక్కకు పోయింది. పెద్దమ్మ మాట గుర్తొచ్చి పోగు వదులు చేస్తే మూడోది, నాలుగోది కూడా రంధ్రాల మీద కూచున్నాయి.

"ఎవల బండికి కొడుకా?" అంది అవ్వ.

"మా బావ బండికవ్వా. దవాఖానల ఉన్నడు. రేపొస్తుండు."

"బండి నడిపేటోళ్లు వస్తే ముందుగాల ఒక మాట అడుగుతరు. నువ్వు అడగకపోతివి."

నేను పోగును చుట్టి జేబులో పెట్టుకున్నాను.

"నాదొక కట్టుబాటు కొడుకా. అడిగినోనికి అబద్ధం చెప్ప. అడగనోనికి నాయంత నేను చెప్ప."

అప్పుడు అడిగాను. "ఇది మనిషిని గిన తీస్కున్న బండిదా అవ్వా?"

"లేదు కొడుకా. షెడ్డుల పడి తుప్పు వట్టింది. కోడిపిల్లను గూడ తొక్కలే."

టమాటాలు దింపి ఖాళీగా పోతున్న ట్రాలీ ఆటోలో బంపర్‌తో పాటు నేనూ పడుకుని గద్వాల చేరాను. సాయంత్రానికి బిగించి, రంగు వేయించాను.

శుక్రవారం బావ దిగాడు. చొక్కా లోపల మనిషి సగమే ఉన్నాడు. అక్క వద్దంటున్నా ఇంట్లోకి పోకుండా ముందు లారీ దగ్గరికి నడిచాడు. బంపర్‌ను చూశాడు. నన్ను చూశాడు.

"బర్రె అడ్డమొచ్చింది బావా."

"ఎంత బర్రె?"

చేతులు చాపి చూపించాను. చాలక ఇంకొంచెం చాపాను. బావ ఛాతీ పట్టుకుని నవ్వాడు. "నవ్వియ్యకురా ఆయన్ను!" అని అక్క నా వీపు మీద ఒకటి వేసింది. బావ నవ్వు ఆపాడు.

"బంపర్ యాడిది?"

"నాగర్‌కర్నూల్‌ది."

"అడిగినవా?"

"అడిగిన బావా. కోడిపిల్లను గూడ తొక్కలేదంట."

బావ బంపర్ మీద అరచెయ్యి ఆనించి, ఆ చెయ్యి కళ్లకద్దుకుని, ఇంట్లోకి నడిచాడు.

ఇప్పుడు లెక్క సరిచూసుకుందాం. బర్రెను నాలుగుతో భాగిస్తే దూడ మిగులుతుంది. నిజంగానూ దూడే. యాభై దుకాణాలను భాగిస్తే పన్నెండు, వాటిలో ఏడు మూసి ఉన్నాయి. అవన్నీ ఎక్కువ చేసి చెప్పినవే గానీ పుట్టించినవి కావు. పుట్టించింది ఒక్కటే, అవ్వను అడిగానన్న మాట. నేను అవ్వను అడగలేదు. అవ్వ తన కట్టుబాటు చెప్పి నా ముఖంలోకి చూసింది. తెల్లారితే శుక్రవారం. ఒకవేళ అవునంటే, మూడు జిల్లాల్లో ఇంకో బంపర్ లేదు. "తూకమెయ్యవ్వా" అన్నాను. అవ్వ లేచి తూకం వేసింది.

బావ మళ్లీ లారీ నడుపుతున్నాడు. రోజూ ఎక్కేముందు ఆ బంపర్‌ను తాకి కళ్లకద్దుకుంటాడు. బండి తిరిగొచ్చి హారన్ వినిపించేదాకా నేను చాయ్ హోటల్ బల్ల మీదే కూచుంటాను. ఇప్పుడైనా అడిగి తెలుసుకుందామని రెండుసార్లు నాగర్‌కర్నూలు బస్సెక్కాను. రెండుసార్లూ గోపాల్‌పేటలో దిగి, చాయ్ తాగి, వెనక్కొచ్చే బస్సెక్కాను. అడిగితే అవ్వ, మనిషిని తీస్కోలేదనే అంటుందేమో. ఆ బండి నిజంగానే షెడ్డులోనే తుప్పు పట్టిందేమో. నాకు తెలియదు.

కోడిపిల్ల మాట మాత్రం అవ్వది కాదు. అది నాది.