గీకుడాయన సంచీ

ఆ... ఎక్కడ ఆగాం? కోటు దగ్గర కదూ? నాతో వచ్చిన చిక్కే ఇది. ముప్పై ఆరేళ్లు పాఠాలు చెప్పిన నోరు, మొదలెట్టేది ఒకచోట, తేలేది ఇంకోచోట. ఇవాళ మాత్రం కోటు నించి కదలను.

ఆ కోటు మా పక్కింటి గీకుడాయనది. మందులు కనిపెట్టే ల్యాబులో కెమిస్టు. ముప్పై నాలుగేళ్లు ఒకే ల్యాబు, వరండా చివర ఒకే గది, తలుపు వెనక మేకుకి ఒకే కోటు. తెల్లకోటని పేరుకే గానీ, పసుపు, ఊదా, గోధుమరంగు మరకలతో గోడకి తగిలించే దేశపటంలా ఉండేది.

"ఒక్కసారి ఇంటికి తెండి, ఉతికిస్తాను" అనేది వదిన. వదినంటే ఆయన భార్య. మాకు చుట్టరికం లేదు, గోడకి గోడ కలిసిన పక్కిల్లు, అంతే.

"సబ్బు తగిలితే నా పని చెడుతుంది."

"ఇంతకీ మీరు కట్టుకుంది నన్నా, ఆ పనినా?"

"నిన్ను చూడకముందే దాన్ని చూశాను కదా" అనేవాడు, పేపర్లోంచి తలెత్తకుండా.

అబద్ధం కాదు. ఆయన తండ్రి సైకిళ్లు బాగుచేసేవాడు. ఏడో తరగతిలో సైన్సు మాస్టారు గాజుగ్లాసులో చిక్కటి ఉప్పునీళ్లు పోసి, దారం వేలాడదీసి కిటికీలో పెట్టారట. తొమ్మిది రోజులు ఆటలపీరియడు మానేసి ఆ కిటికీ దగ్గరే నిలబడ్డాడు. పదోరోజు దారానికి పలుకులు కట్టాయి, మూలలు చెక్కినట్టు. "ఎవరు చెక్కారు మాస్టారూ?" అని అడిగితే, "ఎవరూ చెక్కలేదురా, అదే కట్టుకుంది" అన్నారట. అంతే, ఆ పిచ్చి మళ్లీ దిగలేదు.

గీకుడాయన అనే పేరు ల్యాబువాళ్లు పెట్టింది. మందు కొత్తగా తయారైనప్పుడు బెల్లప్పాకంలా జిగురుజిగురుగా ఉంటుందట. అది ఉప్పులాగా, పంచదారలాగా పలుకు కడితేనే వడగట్టి, కడిగి, మలినం తియ్యగలరు. జిగురుగానే ఉండిపోతే మందు కాదు, బంకే. అలా మొండికేసే పాకాన్ని గాజుకడ్డీతో సీసా లోపలి గోడమీద గీకుతారు. ఆ గరుకు దగ్గర పలుకు పుడుతుందని ఆశ. అందరూ నాలుగు గీతలు గీకి వదిలేస్తే, ఈయన పూటలకి పూటలు గీకేవాడు. కీచుకీచుమని వరండా మొత్తం పళ్లు జివ్వుమనేవి.

ఇంకో అలవాటుంది, అది చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు. ల్యాబులో రోజూ చేసింది రోజూ నోటుపుస్తకంలో సిరాతో రాయాలి. తప్పు రాస్తే చెరపకూడదు, కాగితం చింపకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన పొడి సంతకం, తారీకు. ఆయనకిది ఎంత ఒంటబట్టిందంటే, ఇంట్లో సరుకుల చీటీలో 'సబ్బులు మూడు' కొట్టేసి 'రెండు' అని రాసినా పక్కన సంతకం, తారీకు పడాల్సిందే! కొట్టువాడు ఆ చీటీలు దాచుకునేవాడు, నవ్వుకోడానికి.

మూర్ఛలొచ్చే పిల్లలకి ఒక మందు, అది ఆయన పెద్ద పని. తయారు చెయ్యడానికి ఆరేళ్లు పట్టింది. తయారయ్యాక పలుకు కట్టదే! పదకొండు నెలలు గీకాడు.

"బావా, ఇన్నాళ్లూ ఏ గోడకో గీకుంటే కన్నం పడేది, దొంగతనానికైనా పనికొచ్చేది" అన్నాడు వదిన తమ్ముడు.

"నీకు మాత్రం ఇన్నాళ్లూ చదువు చెబితే ఏమొచ్చిందిరా?" అని వదినే వాడి నోరు మూయించింది. మొగుణ్ని తను తిట్టొచ్చు, ఇంకెవరూ తిట్టకూడదు.

ఒక సోమవారం పొద్దున గది తలుపు తీస్తే, శనివారం వదిలేసిన సీసాలో తెల్లగా, సన్నగా, సూదుల్లాంటి పలుకులు. ఎవరికీ చెప్పలేదు. ముందు కూర్చుని నోటుపుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత వరండాలోకొచ్చి, తుడుస్తున్నావిడని పిలిచి చూపించాడు. ఆ క్షణంలో దొరికింది ఆవిడే మరి.

అక్కణ్నించి చిత్రమేమిటంటే, ఎన్నిసార్లు చేసినా ఇరవై నిమిషాలు గీకితే చాలు, పలుకు కట్టేసేది. "చెయ్యి తిరిగింది" అనేవాడు. 'గాజుకడ్డీతో ఇరవై నిమిషాలు గీకాలి' అని పుస్తకంలో రాశాడు. ఇరవై రెండేళ్లు అలాగే సాగింది.

రిటైరైన రోజు కోటుని పాతపేపర్లో చుట్టి ఇంటికి తెచ్చాడు. ఆయన స్నానానికి అలా వెళ్లాడో లేదో, వదిన దాన్ని ఇలా వేడినీళ్లలో ముంచేసింది.

ఏడాది తిరిగేసరికి ల్యాబు రోడ్డవతల కొత్త బిల్డింగులోకి మారింది. మారాక పొడుగమ్మాయి ఫోను. ఆయన దగ్గర పద్నాలుగేళ్లు పని నేర్చుకున్నమ్మాయి, ఇప్పుడు ఆ విభాగానికి తనే పెద్ద.

"సార్, మీరు రాసింది రాసినట్టు ఏడుసార్లు చేశాం. ఏడుసార్లూ బంకే."

"ఇరవై నిమిషాలు గీకారా?"

"రెండు గంటలు గీకాం సార్."

"పాత నమూనాలు?"

"చేసిన మందంతా పరీక్షలకే అయిపోయింది సార్. నమూనాలు గడువు దాటాయని బిల్డింగు మారేటప్పుడు రూలు ప్రకారం పారేశారు. సార్, డైరెక్టరుగారు అంటున్నారు... రాసినట్టు చేస్తే రానప్పుడు, రాసిందే నిజం కాదేమో అని. శుక్రవారం మీటింగులో తేలకపోతే మీ పుస్తకం నమ్మదగింది కాదని ఫైల్లో రాస్తారు. మందు కూడా ఆగిపోతుంది."

ఒక మనిషి ఎన్ని మాటలైనా పడతాడు. పిసినారన్నా, పిచ్చివాడన్నా పడ్డాడాయన. అబద్ధం రాశాడంటే మాత్రం ఇంకేం మిగులుతుంది?

బుధవారం పొద్దున్నే వెళ్లాడు. కొత్త గది అద్దంలా మెరుస్తోంది. కాళ్లకి తొడుగులు, తలకి టోపీ, గాలి కూడా వడగట్టి వదులుతారట. మూడు గంటలు గీకాడు. కడ్డీ పుటుక్కున విరిగింది గానీ పాకం పాకంలాగే ఉంది. డైరెక్టరు తలుపులోంచి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. అనేస్తే బాగుండేది.

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు గానీ చెయ్యి పెట్టలేదు.

"ఏమైందండీ?"

"నేను అబద్ధం రాశానట."

వదిన గోరువెచ్చటి పాలగిన్నె దగ్గరికి జరుపుకుని, నిన్నటి పెరుగు చెంచాడు తీసి అందులో వేసింది. ఆయన ఆ చెంచా వంకే చూస్తున్నాడు.

"ఏంటలా చూస్తారు, ఎప్పుడూ చూడనట్టు? తోడు వేస్తున్నా."

"వెయ్యకపోతే?"

"వెయ్యకపోతే పాలు పాలే. మీ గాజుకడ్డీ పెట్టి గీకితే తోడుకుంటాయా ఏంటి?"

ఆయన కంచం ముందునించి లేచిపోయాడు.

పలుక్కి పలుకుని తోడు వెయ్యొచ్చని ఆయనకి తెలియక కాదు. కెమిస్ట్రీ చదివిన ప్రతివాడికీ తెలుసు. కానీ మన చేత్తో వేస్తేనే వేసినట్టని అనుకుంటాం కదా! ఆ మొదటి సోమవారం నించీ కంటికి కనపడని పలుకుదుమ్ము ఆయన గది గాల్లో, బల్ల పగుళ్లలో, కోటు చేతుల మీద నిండిపోయి, ప్రతిసారీ దానంతటదే తోడు పడుతోంది. ఈయనేమో ఆ ఘనత తన చేతికి కట్టబెట్టుకున్నాడు. కొత్త గదిలో దుమ్మే లేదు. ఇంక తోడెక్కడిది?

"నా కోటేదీ?" అన్నాడు.

వదిన బీరువాలోంచి తీసింది. మల్లెపువ్వులా ఉంది.

"ఎన్నిసార్లు ఉతికావు?"

"మూడుసార్లు. గంజి కూడా పెట్టాను" అంది, అప్పటికింకా గర్వంగానే.

"తోడుగిన్నె కడిగేశావే" అన్నాడాయన.

విషయం విన్నాక వదిన కుర్చీలో కూలబడింది. ముప్పై నాలుగేళ్లు ఆయన వద్దన్నది ఒక్కటే, తను చేసిందీ ఆ ఒక్కటే. పాత గదికి సున్నం కొట్టి ఎవరికో ఇచ్చేశారు. బల్లలు అమ్మేశారు. కళ్లద్దాలు కొత్తవి, వాటి పెట్టె కొత్తది. ఆ గది దుమ్ము మిగిలిన వస్తువేదైనా ఉందేమోనని ఇద్దరూ ఇల్లంతా తిరిగారు, తాళంచెవి పోయినవాళ్లలాగా. మర్నాడు మధ్యాహ్నం దాకా అదే వెతుకులాట.

చివరికి మేడమీద ఆరేసిన బట్టలు తీస్తుంటే వదిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. బట్టల క్లిప్పులు వేసుకునే సంచీ! మందపాటి ఖాకీగుడ్డ సంచీ. లంచ్‌బాక్సు, నోటుపుస్తకం, గుడ్డలో చుట్టిన గాజుకడ్డీ అందులోనే పెట్టుకుని ఇరవై ఏళ్లు ల్యాబుకి వెళ్లొచ్చాడాయన. రిటైరయ్యాక క్లిప్పులకి పెట్టింది వదిన.

"ఏమండీ! క్లిప్పుల సంచీ ఎవరుతుకుతారండీ!" అని మేడమీద నించి పెట్టిన కేక మా వంటింట్లోకి వినపడింది.

శుక్రవారం ఆ సంచీ చంకలో పెట్టుకుని వెళ్లాడు. డైరెక్టరు మొహం చూడాలట. "ఆ సంచీయా? ఈ గదిలోకా?"

ఆయన పాకం రెండు సీసాల్లో పోయించాడు. ఒకటి పొడుగమ్మాయికిచ్చి, "పుస్తకంలో ఉన్నట్టు నువ్వు గీకు" అన్నాడు. సంచీని నల్లకాగితం మీద తిరగేసి, మూలకుట్లు చిన్న కుంచెతో దులిపాడు. పెన్సిలు పొట్టు, బస్సుటిక్కెట్టు ముక్క, బిస్కెట్టు పొడి, బూడిదరంగు దుమ్ము.

"ఇందులో మందేది, బిస్కెట్టేది?" అన్నాడు డైరెక్టరు.

"నాకూ తెలీదండీ. దానికి తెలుసు."

చిటికెడు రెండో సీసాలో వేసి, చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. ఆయన గీకకుండా నిలబడటం పొడుగమ్మాయి అదే మొదలు చూడటమట.

పది నిమిషాలు. ఏమీ లేదు. డైరెక్టరు గడియారం చూసుకున్నాడు. పదిహేను. సీసా అడుగున చలికాలంలో కిటికీ అద్దం మీద ఊదినట్టు చిన్న మసక. ఆ మసకలోంచి సూది. సూది పక్కన సూది. ఇంకో పావుగంట గడిచేసరికి సీసా బోర్లిస్తే కారదు! పొడుగమ్మాయి గీకుతున్న సీసాలో మాత్రం పాకం పాకంలాగే ఉంది.

గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన "నా పుస్తకం తెప్పించండి" అన్నాడు.

"ఇంకెందుకండీ, మీరు రాసింది నిజమేనని తేలిపోయిందిగా" అన్నాడు డైరెక్టరు.

"తేలలేదు. చేసింది నిజం. రాసింది తప్పు."

ఇరవై రెండేళ్ల కిందటి పేజీ తీసి, 'గాజుకడ్డీతో ఇరవై నిమిషాలు గీకాలి' అన్నదాని మీద ఒక్క గీత కొట్టాడు. పక్కన రాశాడు: 'పాత పలుకు ఒకటి వెయ్యాలి. నా చెయ్యి అనుకున్నాను, కాదు. తప్పు నాది.' పొడి సంతకం, తారీకు.

"అయితే ఆ పెరుగు సంగతి, నా పేరు రాశారా?" అంది వదిన ఇంటికొచ్చాక.

"అందులో పట్టలేదు" అన్నాడు. సరుకుల చీటీ తీసి, దాని వెనక రాసిచ్చాడు. సంతకం, తారీకుతో సహా. ఆ చీటీ ఇప్పటికీ వదిన పర్సులో ఉంది.

ఆయన పోయి నాలుగు నెలలైంది. ఆ మందు మాత్రం పిల్లలు వాడుతున్నారు. నిన్న పొడుగమ్మాయి వచ్చింది. ల్యాబు గుమ్మంలో అద్దాలపెట్టెలో ఆయన వస్తువులు పెడతారట. ఆ పేజీ తెరిచి పెడతారు. "కోటొద్దు ఆంటీ, ఆ సంచీ ఇవ్వండి. శనివారం వచ్చి తీసుకెళతాను" అంది. వదిన "అలాగేనమ్మా" అంది బుద్ధిగా.

ఇందాక కిటికీలోంచి చూస్తే వదిన బకెట్టు కడుగుతోంది. "ఏంటొదినా, పొద్దున్నే?" అన్నాను. "నలుగురూ చూసేదాన్ని అంత మురికిగా ఎలా ఇస్తాం?" అని లోపలికెళ్లిపోయింది. మీతో మాటల్లో పడి నేను పట్టించుకోలేదు చూశారా! కుళాయిలో నీళ్లు తొమ్మిదింటికి వస్తాయి. అయిదు నిమిషాలే ఉంది. ఉండండి, నా ఫోనేదీ? ముందు వదినకి చెప్పాలి, ఆ సంచీ తడపొద్దని.