తప్పని తేల్చే తొవ్వ

హైస్కూల్లో మాకు సైన్సు చెప్పిన టీచరమ్మ పోయారని పొద్దున్నే పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. కింద వరసగా దండాలు, పువ్వుల బొమ్మలు. వాటి మధ్య ఇంకో బొమ్మ. ఆమె ఫోటో, పక్కనే షుగరు జబ్బుకని మా మెదక్‌లో అమ్మే పొడి డబ్బా. 'చివరిదాకా టీచరమ్మను కాపాడింది మా పొడే' అని రాసి ఉంది.

ఆ పొడిని ఆమె ఏనాడూ నోట పెట్టలేదు. ఊరంతటిలో దాన్ని నిలదీసింది ఆమె ఒక్కతే.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, మూడేళ్లు నిలవున్న వడ్లు మొలకెత్తవని ఆమె చెప్పారు. మాది హవేలిఘనపూర్ దగ్గర వ్యవసాయం. ఇంట్లో ఉన్న మూడేళ్ల నాటి వడ్లు తడిగుడ్డలో కట్టి, మొలకలు రాగానే బడికి తీసుకెళ్లాను. అన్నీ కాదు, కొన్నే మొలిచాయి. కొడతారేమోనని నాకు భయం. ఆమె గుడ్డ విప్పి చాలాసేపు చూశారు. బోర్డు మీద 'నేను చెప్పింది తప్పు' అని రాసి, అందరినీ నోటుబుక్కుల్లో ఎక్కించుకోమన్నారు.

"గిది సిగ్గుపడే ముచ్చట కాదురా. తప్పని తేల్చే తొవ్వ ఉన్న మాటనే సైన్సు మాట. ఎటు తిప్పినా నాదే నిజమనేటోడు సైన్సు చెప్తలేడు."

ఎవరేమన్నా "నీకెట్ల తెల్సు?" అనడం ఆమె అలవాటు. మామిడికాయలు తియ్యగా ఉన్నాయని బండామె చెప్పినా అదే ప్రశ్న. ముక్క నోట్లో వేసుకుని, పుల్లగా ఉంటే నవ్వి మరీ కొనేవారు.

ఆమె రిటైరయ్యాక, పక్కింటి దర్జీ ఆ పొడిని నమ్మి షుగరు గోలీలు మానేశాడు. కాలి పుండు ముదిరి దవాఖానలో పాదం తీసేశారు. మర్నాడే ఆమె పొడి దుకాణానికి వెళ్లి దుకాణదారును నిలదీశారు. అప్పుడు నేనూ అక్కడి జనంలో ఉన్నాను.

"ఏమైతే నీ మందు పనిచేస్తలేదని ఒప్పుకుంటవయ్యా?"

"షుగరు తగ్గితె మందు గుణం మేడం. పెరిగితె లోపలి విషం బయటికొస్తున్నట్టు."

"మరి పాదం పోతె?"

"నమ్మకం చాలలేదన్నట్టు."

జనం నవ్వారు. "రిటైరైనవు గదమ్మా, ఇంట్ల కూసోరాదు" అన్నాడొకడు. ఆమె నావైపు చూశారు. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను. నా మీద నాకే రోత పుట్టిన రోజది.

"తగ్గినా నీదే గెలుపు, పాదం పోయినా నీదే గెలుపు. ఇంక పరీక్ష చేసేదేముంది?" అని ఆమె వెళ్లిపోయారు.

అంత్యక్రియలైన మర్నాడు నేను ఆ దుకాణానికి పోయాను. దుకాణం ముందు ఆమె బొమ్మున్న ఫ్లెక్సీ కట్టి ఉంది. చెంపలకు ఎర్రరంగు కూడా పులిమారు.

"టీచరమ్మ నీ పొడి తిన్నదా?" అని అడిగాను.

దుకాణదారు గొంతు తగ్గించాడు. "తినకుంటె ఏమాయె అన్నా? ఆమె బొమ్మ ఉంటె మంది నమ్ముతరు. పోయినోళ్లు వచ్చి కాదంటరా?"

ఉమ్మేయాలనిపించింది. వరసలో నిలబడ్డవాళ్ల వైపు తిరిగాను.

"టీచరమ్మ దీన్ని ముట్టనే లేదు! గిది నమ్మి గోలీలు బంజేసినందుకే దర్జీ పాదం పోయింది!"

ఒకామె డబ్బా వెనక్కి పెట్టేసింది. మిగిలినవాళ్లు కదలలేదు.

కౌంటరు మీది కత్తెర తీసుకుని ఫ్లెక్సీ తాళ్లు కోసేశాను. అది నేల మీద వెల్లకిలా పడింది. నేను వంగి చుట్టేలోపే, ఇద్దరు ఆమె ముఖం మీద అడుగేసి కౌంటరు దగ్గరికి పోయారు.